బంపర్ వెనక ఇనుప దిమ్మలు

1960ల నడుమ తయారైన కొన్ని పోర్షె 911 కార్లకు ముందు బంపర్ విప్పి చూస్తే, అటొక మూల ఇటొక మూల పోత ఇనుప దిమ్మలు కనిపిస్తాయి. ఒక్కోటి 11 కిలోలు. ఆ దిమ్మలు దేన్నీ తిప్పవు, దేన్నీ మోయవు. ఉత్త బరువు. స్పోర్ట్స్ కారు చేసేవాళ్లు ఒక్క కిలో తగ్గించడానికి నెలల తరబడి కష్టపడతారు. అలాంటిది ఈ ఇంజనీర్లు కావాలని 22 కిలోల ఇనుము కట్టి మరీ కారును కొన్నవాళ్ల చేతికి ఇచ్చారు.

ఆ పని ఎందుకు చేయాల్సి వచ్చిందో తెలిస్తే, ఆ కారును అరవై ఏళ్లుగా మళ్లీ మళ్లీ ఎందుకు సరిదిద్దుతున్నారో తెలుస్తుంది. ఇంతగా సరిదిద్దినా చూడ్డానికి అది ఎందుకు అలాగే ఉండిపోయిందో కూడా తెలుస్తుంది. కార్ల లోపల ఏముందో తెలుసుకోవాలన్న ఆసక్తి నాకు పుట్టింది ఈ దిమ్మల దగ్గరే.

911ను జనం మొదట చూసింది 1963 సెప్టెంబర్‌లో, ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో. అప్పటికి దాని పేరు 901. నడుమ సున్నా ఉండే మూడంకెల పేర్లు తమవని ఫ్రాన్స్‌కు చెందిన పెజో కంపెనీ అభ్యంతరం చెప్పింది. సున్నా పోయి ఒకటి వచ్చింది. రూపం దిద్దింది కంపెనీ స్థాపకుడి మనవడు ఫెర్డినాండ్ అలెగ్జాండర్ పోర్షె, ముద్దుపేరు బుట్సీ. ఆ రూపాన్ని చూపుడువేలితో గాలిలో గీసి చూపించవచ్చు. ముందు అద్దం దగ్గర లేచిన గీత పైకప్పు మీదుగా వెళ్లి, ఎక్కడా విరగకుండా తోక దాకా జారిపోతుంది. ముందు మడ్‌గార్డుల మీద రెండు గుండ్రటి దీపాలు తలెత్తి ఉంటాయి. వాటి నడుమ బానెట్ పల్లంగా ఉంటుంది. లోపల కూర్చుంటే ఎదురుగా ఐదు గుండ్రటి మీటర్లు. నట్టనడుమ పెద్దది వేగం చెప్పేది కాదు, ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పేది. ఈ కారులో ఎవరి మాట ముందు వినాలో ఆ అమరికే చెబుతుంది.

ఆ ఇంజిన్ ఉన్నది వెనక. వెనక అంటే సీట్ల వెనక కాదు, వెనక చక్రాల ఇరుసును కూడా దాటి, బయటికి వేలాడుతూ ఉంటుంది. ఆరు సిలిండర్లు, ఇటు మూడు అటు మూడు, పడుకోబెట్టినట్టు. 2 లీటర్లు, 130 హార్స్‌పవర్. చల్లబరచడానికి నీళ్లు లేవు, రేడియేటర్ లేదు. ఒక పెద్ద ఫ్యాను గాలి కొడుతుంది, అంతే. ఈ పద్ధతి వంశపారంపర్యంగా వచ్చింది. బుట్సీ తాతగారు రూపొందించిన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో ఇంజిన్ అక్కడే. దాని నుంచి పుట్టిన పోర్షె 356లోనూ అక్కడే. ఇంజిన్, గేర్లు, అవి తిప్పే చక్రాలు అన్నీ ఒకేచోట ఉంటే ఖర్చు తక్కువ, లోపల చోటు ఎక్కువ, ఆ చక్రాల మీద బరువుండి పట్టు బాగుంటుంది. బీటిల్ లాంటి నిదానపు కారుకు ఇందులో లోటేమీ లేదు. 130 హార్స్‌పవర్ వచ్చేసరికి లోటు బయటపడింది.

దీన్ని అర్థం చేసుకోవడానికి ఎడ్లబండిని మించిన ఉదాహరణ లేదు. బస్తాలన్నీ వెనక్కి వేస్తే కాడి పైకి లేస్తుంది. ఎద్దుల మెడ మీద ఆనదు. అప్పుడు ఎద్దులు ఎటు తిరిగినా బండి వాటి మాట వినదు. అందుకే బండి తోలేవాడు ఒక బస్తాను ముందుకు జరుపుతాడు, లేదా తానే ముందుకు జరిగి కూర్చుంటాడు. 911లో కాడి స్థానంలో ఉన్నవి ముందు చక్రాలు. వాటి మీద బరువు తక్కువ కాబట్టి వేగంలో స్టీరింగు తేలిపోయినట్టు ఉంటుంది. బంపర్‌లో కట్టిన ఇనుప దిమ్మలు ముందుకు జరిపిన ఆ బస్తాలే.

ఇంకో చిక్కు దీనికంటే ప్రమాదమైనది. మలుపులో వేగంగా వెళ్తున్న మనిషి, వేగం ఎక్కువైందని భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తాడు. ఎవరైనా చేసే పనే అది. బస్సు ఆగబోతే నిలబడ్డవాళ్లంతా ముందుకు తూలినట్టు, కారు బరువు ముందుకు ఒరుగుతుంది. వెనక చక్రాల మీద భారం తగ్గి, నేల మీద వాటి పట్టు సడలుతుంది. సరిగ్గా ఆ క్షణంలోనే ఇరుసు వెనక వేలాడుతున్న ఇంజిన్ బయటికి లాగుతుంది, లోలకంలా. తోక ముందుకు వచ్చేస్తుంది, కారు గిర్రున తిరుగుతుంది. 911 తెలిసినవాళ్లు కొత్తవాళ్లకు చెప్పే మొదటి మాట ఇదే: మలుపులో కాలు తీయొద్దు. మనిషి సహజంగా చేసే పనిని చేయొద్దని చెప్పాల్సి వస్తే, తప్పు మనిషిది కాదు, యంత్రానిది. పోర్షె ఇంజనీర్లకు ఈ సంగతి మొదటి నుంచీ తెలుసు.

బస్తా ముందుకు జరపడం ఒక పద్ధతి. ఇరుసునే వెనక్కి, బరువు కిందికి జరపడం ఇంకో పద్ధతి. 1969 మోడల్‌లో వాళ్లు రెండోదే చేశారు. ఇంజిన్‌ను ఉన్నచోటే ఉంచి, వెనక చక్రాలను 57 మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు. ముందూ వెనకా చక్రాల మధ్య దూరం 2211 నుంచి 2268 మిల్లీమీటర్లు అయింది. ఇనుప దిమ్మల బదులు ఒక బ్యాటరీని రెండుగా చేసి, ముందు రెండు మూలల్లో చెరొకటి పెట్టారు. అంటే ఉత్త బరువు పోయి పనికొచ్చే బరువు వచ్చింది. కొత్త కారును పాతదాని పక్కన నిలబెడితే తేడా కనిపెట్టడం కష్టం. వెనక మడ్‌గార్డు అంచు మూడు వేళ్ల మందం వెనక్కి జరిగింది, అంతే. నడిపినవాళ్లకు మాత్రం తేడా తెలిసింది.

ఆ తర్వాత 911లో జరిగిన మంచి మార్పులన్నీ ఈ కోవలోవే. పుట్టుకతో వచ్చిన లోపాన్ని దిద్దడం, ముఖాన్ని ముట్టుకోకపోవడం.

రూపం మారినా, గాలో చట్టమో అడిగితేనే మారింది. వేగం పెరిగేకొద్దీ ఏటవాలుగా జారే ఆ అందమైన వీపు మీదుగా పోయే గాలి, విమానం రెక్కకు చేసినట్టే, కారు వెనక భాగాన్ని పైకి ఎత్తుతుంది. 1972లో వచ్చిన కరెరా ఆర్‌ఎస్ 2.7కు వెనక మూత మీద చిన్న తోక మొలిపించి దాన్ని అణచారు. జర్మన్లు దాన్ని బాతు తోక అంటారు. పందేల నిబంధన ప్రకారం 500 కార్లు చేస్తే చాలనుకున్నారు, 1500కు పైగా అమ్ముడయ్యాయి. 1974 మోడల్‌కు వచ్చిన పెద్ద బంపర్లు అమెరికా చట్టం కోసం. గంటకు 5 మైళ్ల వేగంతో గుద్దుకున్నా కారు దెబ్బతినకూడదని ఆ చట్టం అంది. మిగతా కంపెనీలు చాలావరకు అప్పటి కార్లకు ముందూ వెనకా మొద్దుల్లాంటివి తగిలించి చేతులు దులుపుకున్నాయి. పోర్షె బంపర్‌ను అల్యూమినియంతో చేసి, పక్కల హార్మోనియం తిత్తిలా మడతలున్న రబ్బరు పెట్టింది. గుద్దితే మడతలు ముడుచుకుంటాయి. ఆ రబ్బరు తిత్తులే పదిహేనేళ్లపాటు ఆ కారు గుర్తుగా నిలిచిపోయాయి. దాదాపు అదే కాలంలో కారు ఒంటికంతటికీ జింకు పూతపెట్టిన ఉక్కు వాడటం మొదలైంది. ఇన్ని పాత 911లు ఇవాళ తుప్పు తినేయకుండా మిగిలాయంటే కారణం అదే. ఆ పని ఫొటోలో కనిపించదు, అందుకని దాని గురించి ఎవరూ మాట్లాడరు.

అసలు ఈ కారు 1980ల్లో ఆగిపోవాల్సింది. ముందు ఇంజిన్, ఎనిమిది సిలిండర్లు, నీటి చల్లదనంతో 928 అనే కారును 1977లో తెచ్చి, ఇక 911 స్థానం దీనిదే అనుకున్నారు. 1981లో కంపెనీ పగ్గాలు పీటర్ షుట్స్ చేతికి వచ్చాయి. జర్మనీలో పుట్టి అమెరికాలో పెరిగిన మనిషి. తర్వాత ఆయనే చెప్పిన సంగతి ఇది. ఇంజనీరింగ్ విభాగాధిపతి హెల్ముట్ బాట్ గదిలో గోడ మీద ఒక చార్టు ఉంది. రాబోయే ఏళ్లలో ఏ కారు ఎంతకాలం నడుస్తుందో గీతలు గీసి ఉన్నాయి. 928 గీత, 944 అనే మరో మోడల్ గీత ముందుకు సాగుతున్నాయి. 911 గీత 1981 దగ్గర ఆగిపోయింది. షుట్స్ మార్కర్ అందుకుని ఆ గీతను చార్టు చివరిదాకా లాగి, చార్టు దాటి గోడ మీదికి, గోడ మీద నుంచి తలుపు దాకా లాగాడు. అర్థమైందా అన్నట్టు చూశాడు. బాట్‌కు అర్థమైంది.

గీత లాగడం తేలిక. ఇరవై ఏళ్ల నాటి డిజైన్‌ను కొత్త కాలానికి తగినట్టు చేయడం వేరే సంగతి. ఆ పని 1989 మోడల్‌గా వచ్చిన 964తో మొదలైంది. పోర్షె తన కార్లకు లోపల ఇలాంటి అంకెలు పెట్టుకుంటుంది. అమ్మేటప్పుడు అన్నీ 911లే. కంపెనీ లెక్క ప్రకారం 964లో 85 శాతం భాగాలు కొత్తవి. చూసినవాడు మాత్రం బంపర్లు తప్ప ఏం మారిందని అడుగుతాడు. తిత్తుల బంపర్లు పోయి, ఒంట్లో కలిసిపోయిన నున్నటి బంపర్లు వచ్చాయి. కారు కిందిభాగాన్ని పళ్లెంలా మూసేశారు. గాలి అడ్డును కొలిచే గుణకం 0.39 ప్రాంతం నుంచి 0.32కు దిగింది. వెనక రెక్క మామూలప్పుడు మూతలో కలిసిపోయి, వేగం 80 కిలోమీటర్లు దాటగానే తనంతట తానే లేస్తుంది. వీపు గీత చెడకూడదు, గాలి పని మాత్రం జరగాలి. ఈ రెండు కోరికలకూ ఇంత చక్కటి రాజీ నేను ఏ కారులోనూ చూడలేదు.

లోపల ఇంకా పెద్ద మార్పు జరిగింది. అప్పటిదాకా 911కు మనం ఊహించే చుట్టల స్ప్రింగులు లేవు. వాటి బదులు టోర్షన్ బార్లు ఉండేవి. తడిబట్ట పిండేటప్పుడు రెండు చేతులతో మెలిపెడతాం చూడండి, అలా మెలిపడి తిరిగి సర్దుకునే ఉక్కు కడ్డీలు. గతుకు మీద చక్రం పైకి లేస్తే కడ్డీ మెలిపడుతుంది, దిగితే విడుతుంది. ఇదీ బీటిల్ వంశం నుంచి వచ్చిన ఆస్తే. 964లో వాటిని తీసేసి చుట్టల స్ప్రింగులు పెట్టారు. 911లో మొదటిసారి పవర్ స్టీరింగు, ఏబీఎస్ బ్రేకులు వచ్చాయి. నాలుగు చక్రాలనూ ఇంజినే తిప్పే కరెరా 4నే ముందుగా అమ్మారు. ఇంజిన్ 3.6 లీటర్లకు, 250 హార్స్‌పవర్‌కు పెరిగింది. ఇన్ని మారినా, తోక ఊగే ఆ పాత జబ్బు పూర్తిగా నయం కాలేదు. అది నయమైంది తర్వాతిదానిలో.

ఆ తర్వాతిది 993. 1993లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే బయటికి వచ్చింది. రూపం దిద్దింది ఇంగ్లండ్‌కు చెందిన టోనీ హ్యాటర్, డిజైన్ విభాగాధిపతి హార్మ్ లగాయ్ ఆధ్వర్యంలో. పాత కారు రూపాన్ని కొత్తగా మార్చడం ఎలాగో నేర్చుకోవాలంటే ముందు దీన్నే చూడాలని నా నమ్మకం. అద్దాలు, పైకప్పు ఉన్న నడుమ భాగం దాదాపు 1963 నాటిదే. దాన్ని ముట్టుకోలేదు. ముందు మడ్‌గార్డులను కాస్త వెడల్పు చేసి, కిందికి దించి, నిటారుగా ఉండే దీపాలను వెనక్కి వాల్చారు. గుండ్రటి దీపాలు అలాగే ఉన్నాయి, వాటి చూపు మారింది. వెనక భాగం బలిసింది. చక్రాల మీద ఒంటి రేకు ఉబ్బి, మళ్లీ నడుము దగ్గర సన్నబడుతుంది. పరిగెత్తబోయే జంతువు వెనక కాళ్ల కండ గుర్తొస్తుంది.

ఆ ఉబ్బు అందం కోసం పెట్టింది కాదు. కింద కొత్తగా వచ్చిన సస్పెన్షన్‌కు చోటు కావాల్సి వచ్చింది. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే 911 కథలో గుండెకాయ ఇదే.

మీ రెండు అరచేతులూ ఎదురెదురుగా నిలబెట్టి ముందుకు చాపండి. అవి కారు వెనక చక్రాలు, వేళ్ల కొసలు కారు ముందు వైపు అనుకోండి. వేళ్ల కొసలు కొద్దిగా దగ్గరికి తెస్తే చక్రాలు లోపలికి చూస్తున్నట్టు. కారు తిన్నగా, నిలకడగా పోతుంది. కొసలు దూరం జరిపితే చక్రాలు బయటికి చూస్తున్నట్టు. తోక అటూ ఇటూ పోవడానికి సిద్ధంగా ఉందన్నమాట. పాత 911లో ఒక్కో వెనక చక్రాన్ని ఏటవాలు కీలు మీద ఊగే ఒకే చేయి పట్టుకునేది. డ్రైవరు కాలు తీయగానే చక్రం మీద పడే వెనకలాగుడుకు ఆ చేతి కీళ్లలోని రబ్బరు నలిగి, చక్రం సన్నగా బయటికి చూసేది. ఎప్పుడైతే తోక నిలకడగా ఉండాలో, సరిగ్గా అప్పుడే చక్రం తప్పు దిక్కుకు చూస్తుంది. 1977లోనే 928 కోసం పోర్షె దీనికి మందు కనిపెట్టింది. వైసాక్ యాక్సిల్ అని పేరు. వైసాక్ వాళ్ల పరిశోధన కేంద్రం ఉన్న ఊరు. కాలు తీసినప్పుడు పుట్టే ఆ లాగుడునే వాడుకుని, చక్రాన్ని బయటికి కాకుండా లోపలికి తిప్పే అమరిక అది. శత్రువు బలాన్నే మన పక్షం చేసుకోవడం.

993లో ఒక పెద్ద చేతి బదులు ఒక్కో చక్రానికి విడివిడిగా అనేక చిన్న లింకులు పెట్టారు. వాటన్నిటినీ అల్యూమినియం చట్రానికి బిగించారు. ఒక్కో లింకు పొడవు, కోణం లెక్కకట్టి పెట్టడంతో మలుపులో కాలు తీస్తే బయటి చక్రం లోపలికే చూస్తుంది. ముప్పై ఏళ్లు ఎవరూ చేయొద్దన్న తప్పు చేసినా, ఇప్పుడు కారు కోపం తెచ్చుకోకుండా మలుపులోకి ముక్కు తిప్పి సర్దుకుంటుంది. ఇంజిన్ మాత్రం ఇంకా అక్కడే వేలాడుతోంది. లోలకం పోలేదు, దాన్ని మచ్చిక చేసుకున్నారు. ఇంజిన్‌ను నడుముకు మార్చేస్తే ఈ కష్టమంతా ఉండేది కాదు కదా అని అడగవచ్చు. నిజమే. కానీ అప్పుడు వెనక రెండు చిన్న సీట్లు ఉండవు, ఆ వీపు గీత ఉండదు, మలుపు దాటి యాక్సిలరేటర్ తొక్కగానే వెనక చక్రాలు నేలను కరిచిపట్టుకుని తోసే ఆ తోపు ఉండదు. లోపం, గుణం ఒకే చోట పుట్టాయి. ఒకటి తీసేస్తే రెండోది పోతుంది.

గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న చివరి 911 కూడా ఇదే. 1998లో ఆగిపోయింది. ఆ నిర్ణయం మీద పోర్షె అభిమానుల్లో వచ్చినంత దుఃఖం మరే మార్పు మీదా రాలేదు. కాబట్టి గాలి, నీళ్ల సంగతి కూడా వివరంగా చెప్పుకోవాలి.

గాలి చల్లదనం మనకు కొత్తకాదు. బుల్లెట్ మోటార్ సైకిల్ సిలిండర్ చుట్టూ ఉండే పలకల్లాంటి రెక్కలు ఎదురుగాలికి చల్లబడతాయి. పాత బజాజ్ చేతక్‌లో ఇంజిన్ పక్క మూత కింద దాక్కుని ఉంటుంది, ఎదురుగాలి తగలదు. అందుకని తిరిగే చక్రానికే ఫ్యాను కట్టి, రేకు తొడుగుతో గాలిని సిలిండర్ మీదికి మళ్లిస్తారు. మా ఇంట్లో చేతక్ మూత తీసినప్పుడల్లా ఆ ఫ్యాను మీద పేరుకున్న దుమ్మూ నూనె కలిసిన నల్లటి పొర గీకడం చిన్నప్పుడు నా వంతు. పొర మందమైతే బండి వేడెక్కి మొరాయిస్తుందని మెకానిక్ చెప్పేవాడు. 911 ఇంజిన్ ఇదే సూత్రం మీద, చాలా పెద్ద ఎత్తున నడిచింది. వెనక మూత ఎత్తితే గుండ్రటి ఫ్యాను కనిపిస్తుంది. దాని నడిబొడ్డులోనే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఉంటుంది. గాలి ఒక్కటే కాదు, లీటర్ల కొద్దీ ఇంజిన్ ఆయిల్ కూడా తిరుగుతూ వేడిని మోసుకుపోతుంది. చలికాలంలో లోపలికి వెచ్చదనం కావాలంటే ఎగ్జాస్ట్ గొట్టాల చుట్టూ తిప్పిన గాలినే క్యాబిన్‌లోకి వదులుతారు. పాత 911ల్లో సన్నగా వచ్చే వేడి నూనె వాసన అక్కడిదే. నీళ్లు లేవు కాబట్టి గడ్డకట్టేది లేదు, మరిగేది లేదు, కారేది లేదు.

మరి ఎందుకు వదులుకున్నారు? మొదటి కారణం వాల్వులు. ఇంజిన్ బాగా ఊపిరి పీల్చాలన్నా, పొగ శుభ్రంగా రావాలన్నా సిలిండర్‌కు రెండు వాల్వుల బదులు నాలుగు ఉండటం మేలు. కానీ నాలుగు వాల్వులు పెడితే సిలిండర్ హెడ్‌లో చోటు ఇరుకైపోతుంది. నిప్పులు కక్కే రెండు ఎగ్జాస్ట్ వాల్వుల నడుమ సన్నటి లోహం మిగులుతుంది. అక్కడికి గాలి చేరదు. నీళ్లు చేరతాయి, సన్నటి దారి చాలు. పోర్షెకు ఇది ముందే తెలుసు. 1986 నాటి 959 అనే కారులో సిలిండర్లకు గాలి, హెడ్‌లకు నీళ్లు అని సగం సగం చేసింది. రెండో కారణం చప్పుడు. 1990ల నడుమ యూరప్ చట్టం దారిన పోయే కారు చప్పుడు పరిమితిని 77 నుంచి 74 డెసిబెల్స్‌కు తగ్గించింది. మూడే కదా అనిపిస్తుంది. డెసిబెల్ లెక్క వేరు. 3 తగ్గాలంటే శబ్దశక్తి సగానికి పడిపోవాలి. గాలి ఇంజిన్‌లో పలుచటి లోహపు రెక్కలు మోగుతాయి, ఫ్యాను హోరెత్తుతుంది. నీటి ఇంజిన్ చుట్టూ నీళ్లే దుప్పటిలా ఉండి చప్పుడును మింగేస్తాయి. ప్రతి ఏడాదీ బిగిసే చట్టాల ముందు గాలి ఇంజిన్ నిలబడలేదు.

మూడోది డబ్బు. 1980ల నడుమ ఏడాదికి 50 వేలకు పైగా కార్లు అమ్మిన కంపెనీ, 1990ల మొదట్లో అందులో మూడో వంతు కూడా అమ్మలేకపోయింది. వెండెలిన్ వీడెకింగ్ పగ్గాలు పట్టి, జపాన్ నుంచి టయోటా పద్ధతి తెలిసిన నిపుణులను రప్పించి ఫ్యాక్టరీని తలకిందులు చేశాడు. చవకైన బాక్స్‌స్టర్ అనే కారు, కొత్త 911 రెండూ కలిపి తయారుచేయాలని నిర్ణయించారు. ముందు తలుపుల దాకా రెండు కార్లకూ చాలా భాగాలు ఒకటే.

అలా 1997లో వచ్చింది 996. రూపం దిద్దింది పింకీ లాయ్. 3.4 లీటర్లు, 300 హార్స్‌పవర్, సిలిండర్‌కు నాలుగు వాల్వులు. రేడియేటర్లు ముందు చక్రాల ముందర ఉంటాయి. ఇంజిన్ వెనక, రేడియేటర్లు ముందు. నీళ్లు కారు పొడవునా వెళ్లి చల్లబడి తిరిగి రావాలి. కారు 993 కంటే దాదాపు 18 సెంటీమీటర్లు పొడుగు, అయినా బరువు తక్కువ. గాలి గుణకం 0.30. లెక్కల్లో ఏది చూసినా మెరుగే. అయినా జనం మనసు విరిగింది, ముఖ్యంగా దీపాల దగ్గర. ఖర్చు తగ్గించడానికి పెద్ద దీపం, ఇండికేటర్ అన్నీ ఒకే గాజు కింద ఒక ముక్కగా చేసి బాక్స్‌స్టర్‌తో పంచుకున్నారు. ఆరెంజ్ రంగు ఇండికేటర్ కిందికి కారినట్టుండి, పెనం మీద పచ్చసొన జారిన గుడ్డులా ఉందని పేరు పడింది. లక్షలు పోసి కొన్నవాడు ఎదురుగా వచ్చే చవక కారులోనూ తన ముఖమే చూడాల్సి వచ్చింది.

నీళ్లు 911ను చెడగొట్టాయనే మాటతో నేను ఏకీభవించను. నీళ్లు రావడం తప్పనిసరి, సరైన పని. 911లో మారకూడనిది ముఖం ఒక్కటే. దాన్ని ముట్టుకున్నారు. ఇంకో గాయం లోపల ఉంది. ఇంజిన్‌లోని ఇంటర్మీడియట్ షాఫ్ట్‌కు వాడిన సీలు చేసిన బాల్ బేరింగు కొన్ని కార్లలో అరిగి విరిగి, ఇంజిన్‌నే పాడుచేసింది. అమెరికాలో యజమానులు కలిసి వేసిన దావా దాకా వెళ్లింది. అదే కాలంలో వచ్చిన టర్బో, జీటీ3 మోడళ్లకు ఈ బాధ లేదు. వాటికి పోర్షె ఇంజనీరు హాన్స్ మెట్స్‌గర్ పేరుతో పిలిచే పాత వంశపు ఇంజిన్‌ను నీటికి మార్చి వాడారు. అయినా 996ను, బాక్స్‌స్టర్‌ను తీసేస్తే పోర్షె ఆ దశాబ్దం దాటేది కాదని నా నమ్మకం. ఇవాళ దాన్ని తిట్టేవాళ్లు ఇది కూడా గుర్తుపెట్టుకోవాలి.

2004లో 997 వచ్చినప్పుడు గుండ్రటి దీపాలు తిరిగొచ్చాయి, ఇండికేటర్లు విడిగా కిందికి వెళ్లాయి. 2011 నాటి 991లో చక్రాల మధ్య దూరం ఇంకో 100 మిల్లీమీటర్లు పెరిగింది. ఇరుసు మళ్లీ బరువు కిందికి జరిగింది. 1969లో చేసిన పనే మళ్లీ చేశారు.

మరోవైపు, గాలి ఇంజిన్ కార్ల మీద మోజు పెరిగి 964, 993ల ధరలు ఆకాశానికి ఎక్కాయి. కాలిఫోర్నియాలో రాబ్ డికిన్సన్ 2009లో పెట్టిన సింగర్ అనే సంస్థ, యజమాని తెచ్చిన 964ను విప్పి, కార్బన్ ఫైబర్ ఒళ్లు తొడిగి, 1970ల తొలినాళ్ల 911లా కనిపించేట్టు మారుస్తుంది. ఇంజిన్‌ను 4 లీటర్ల దాకా పెంచుతుంది. పనితనం చూస్తే కళ్లు తిప్పుకోలేం. నాకు మాత్రం 993 గొప్పగా అనిపిస్తుంది. చట్టం, గాలి, ఖర్చు అన్నీ మీదపడుతున్నప్పుడు, వేల కార్ల కోసం తీసుకున్న నిర్ణయాలు అవి.

2024లో 911 జీటీఎస్‌కు హైబ్రిడ్ వచ్చింది. 3.6 లీటర్ల ఇంజిన్, కరెంటు సాయంతో తిరిగే ఒక టర్బో, గేరుబాక్సులో ఒక మోటారు, మొత్తం 541 హార్స్‌పవర్. ఏసీ కంప్రెసర్‌ను కరెంటుతో నడిపి బెల్టు తీసేయడంతో ఇంజిన్ ఎత్తు 110 మిల్లీమీటర్లు తగ్గింది. ఆ ఖాళీలో కొత్త విద్యుత్ పెట్టెలు పట్టాయి, కాబట్టి వీపు గీతను ఎత్తాల్సిన పని రాలేదు. మీటర్లన్నీ తెర మీది బొమ్మలయ్యాయి. నడుమ ఉండే నిజమైన ముల్లు పోయింది. అది నాకు బాధే.

ఆ హైబ్రిడ్‌కు కావాల్సిన 400 వోల్టుల బ్యాటరీని, ఇంజిన్ ఉన్న వెనక వైపు కాకుండా, ముందు బానెట్ కింద, మామూలు బ్యాటరీ ఉండే చోట పెట్టారు. దాని బరువు 27 కిలోలు. బంపర్‌లోని ఆ రెండు ఇనుప దిమ్మల కంటే 5 కిలోలు ఎక్కువ.